గుడి గచ్చు, కూలి లెక్క

ఖరగ్‌పూర్ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది ఒక నేల, 1072.5 మీటర్ల పొడవున్న రైల్వే ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటిపోయేదాకా (2023లో హుబ్బళ్ళి గోరఖ్‌పూర్‌నూ దాటింది) ప్రపంచంలో అంతకంటే పొడవైనది లేదని మన క్విజ్ పుస్తకాలన్నీ రాసుకున్నాయి. ఆ పొడవునా పొద్దున్నే చీపురు పట్టేది ఎవరన్న ప్రశ్న మాత్రం ఏ క్విజ్‌లోనూ రాలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షను, ఆ వెంటనే వర్క్‌షాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తెలుగువాళ్లు పట్టాల వెంటే వచ్చారు. కొలిమి దగ్గర, లేత్ దగ్గర, ఇంజన్ల దగ్గర, చీపురు దగ్గర కుదురుకున్నారు. బడులు పెట్టుకున్నారు, గుళ్లు కట్టుకున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరూ ముందుగా చెప్పుకున్నది ఈ ఊరి తెలుగు జనం గురించే. అలాంటి ఊళ్లో, చందాలతో నడిచే ఒక కాలనీ గుడి కమిటీ పండగ ముందు మండపం గచ్చు శుభ్రం చేయించి పాలిష్ పట్టించాలని ఊళ్లోని పనివాళ్లను పిలిచిందనుకుందాం. అందులో మతపరమైన ప్రశ్న ఏదైనా ఉందా? ఉందనే నా వాదన. అయితే అది సాధారణంగా అందరూ వెతికే చోట లేదు. ఎవరు లోపలికి రావచ్చు, ఎంతదాకా రావచ్చు, వాళ్లు వెళ్లాక ఎన్ని బిందెల నీళ్లు కుమ్మరించాలి అన్నవి ధర్మసూక్ష్మాలుగా చలామణి అవుతున్నాయి. మన శాస్త్రాల సొంత మాట ప్రకారం చూసినా ఆ గచ్చు శుద్ధి అయిందో లేదో తేలేది కూలి లెక్క దగ్గర.

ముందు ఆ పని ఎలాంటిదో చూడాలి. పని తెలియకుండా దాని విలువ మీద చేసే వేదాంత చర్చకు కాళ్లుండవు. పాత రైల్వే ఇళ్లలో, గుళ్లలో ఎక్కువగా కనిపించేవి ఎర్ర రంగు కలిపిన సిమెంటు గచ్చులు, మొజాయిక్ గచ్చులు. పాలరాయి, గ్రానైటు తర్వాత్తర్వాత వచ్చాయి. మొజాయిక్ అంటే సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి పోసిన గచ్చు. పోసినప్పుడు అది మెరవదు. నీళ్లు పోస్తూ, మిషనుకు బిగించిన రాళ్లతో అరగదీయాలి. 60 నంబరు గరుకు రాయితో మొదలుపెడితే పైపొర పోయి లోపలి ముక్కలు తేలతాయి, వాటితోపాటు సన్నటి బొక్కలూ తేలతాయి. అదే రంగు సిమెంటు పాలు పట్టించి ఆ బొక్కలు పూడ్చి, గట్టిపడ్డాక 120 నంబరు, ఆపైన 300 దాటిన నునుపు రాళ్లు వాడి, చివర ఆక్జాలిక్ పొడి జల్లి రుద్దితే అప్పటికి మెరుపు. ఏ రాయితో ఎంతసేపు పట్టాలో మిషను చెప్పదు, పట్టినవాడి అరచేతికి తెలియాలి. ఒక మెట్టు తప్పించి పైరాయికి వెళ్లిపోయిన తొందర, ఏటవాలు ఎండ పడ్డప్పుడు చుట్టలు చుట్టలుగా గీతలై బయటపడుతుంది. రాళ్ల స్వభావం కూడా తెలిసుండాలి. పాలరాయి, మన తాండూరు బండ, బేతంచెర్ల నాపరాయి అన్నీ సున్నపురాతి వంశమే. దొడ్లు కడిగే యాసిడ్ వాటి మీద పోస్తే బుసబుస నురగ వస్తుంది, మురికి వదులుతోందని మనం సంబరపడతాం. వదిలేది రాయి. గుడి గచ్చుకైతే ఇంకా ప్రత్యేకమైన రోగాలున్నాయి. దీపాల దగ్గర ఇంకిన నూనె, కుంకుమ మరక, కొబ్బరినీళ్ల జిగట, కర్పూరం మసి, ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. ఇంకిన నూనెను సుద్దపొడి ముద్ద పట్టించి పైకి లాగాలే తప్ప ఎంత తోమినా పోదు. అంటే ఇది చేతికి దొరికిన ఎవరినో పిలిచి చేయించుకునే చాకిరీ కాదు, నేర్చుకోవలసిన విద్య. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ రోజున లేత్‌కూ డ్రిల్లింగ్ మిషనుకూ బొట్టుపెట్టే వర్క్‌షాపు ఊళ్లో ఈ సంగతి విడమరిచి చెప్పవలసి రావడమే కాస్త విడ్డూరం.

ఇక శాస్త్రం దగ్గరికి. మనుస్మృతి అయిదో అధ్యాయంలో వస్తువులు ఎలా శుద్ధి అవుతాయన్న చర్చ ఉంది. నేల అయిదు విధాల శుద్ధి అవుతుందట: ఊడవడం, అలకడం, నీళ్లు చల్లడం, పైపొర గీకేయడం, ఆవులను ఉంచడం. ఆవుల సంగతి వదిలేస్తే మిగతా నాలుగూ మనుషుల చేతిపనులు. వాటి మధ్య మంత్రం ఊసు లేదు, చేసేవాడి పుట్టుక ఊసు లేదు. పైపొర గీకేయడమంటే ఇవాళ మొజాయిక్ మిషను చేసే పనే అని ఎవరైనా అంటే కాదనడం కష్టం. అదే అధ్యాయంలో మరోచోట, పనివాడి చెయ్యి ఎప్పుడూ శుద్ధమే అని ఉంది. దీనికి కారణం ఊహించడం తేలికే. కుమ్మరి చేసిన కుండ, సాలె నేసిన బట్ట, మేదర అల్లిన బుట్ట లేకుండా ఏ శుద్ధాచారపరుడి ఇల్లూ ఒక్కపూట గడవదు. ఆ చేతులను అంటు అన్నారంటే తమ ఇల్లే అంటు అవుతుంది. ఈ రెండింటి కంటే బరువైనది మూడోది. అన్ని శుద్ధుల్లోకీ డబ్బు విషయంలో శుద్ధి మేలైనదనీ, ఆ విషయంలో శుభ్రంగా ఉన్నవాడే శుభ్రుడనీ, మట్టితో నీళ్లతో తోముకున్నవాడు కాడనీ ఆ గ్రంథమే తేల్చింది. అన్యాయంగా పరుల సొమ్ము తీసుకోకుండా ఉండటమే డబ్బు శుద్ధి అని వ్యాఖ్యాత కుల్లూకభట్టు వివరించాడు. పనిచేసినవాడికి చేరని కూలి పరుల సొమ్మే. మూడింటినీ ఒకచోట పెట్టి చదివితే వచ్చే తీర్పు ఇది: ఊడ్చి, కడిగి, గీకి, మెరుగుపెట్టినప్పుడు నేల శుభ్రమవుతుంది, ఆ పని చేసిన చెయ్యి ముందునుంచే శుద్ధంగా ఉంది, శుద్ధి ఇంకా రుజువు కావలసింది చేయించుకున్నవాడిది మాత్రమే, అదీ డబ్బు లెక్కలో.

మనువును సాక్షిగా పిలవడమేమిటని చదువరి నిలదీయవచ్చు. న్యాయమైన నిలదీతే. పదో అధ్యాయంలో చండాలురను ఊరి బయట ఉంచమన్నదీ, శవాల మీది బట్టలు కట్టుకోమన్నదీ ఈ గ్రంథమే. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో అంబేడ్కర్ సారథ్యంలో దీన్ని తగలబెట్టడానికి కావలసినన్ని కారణాలు ఇందులోనే ఉన్నాయి. నేను దీన్ని అధికారగ్రంథంగా పిలవడం లేదు, ఎదుటిపక్షం సాక్షిగా పిలుస్తున్నాను. తన పక్షానికి నష్టం కలిగించే సంగతి సాక్షి తనంతట తనే ఒప్పుకుంటే కోర్టులో దానికి విలువ ఎక్కువ. మనుషులను మెట్లుమెట్లుగా పేర్చిన పుస్తకమే, నేల శుద్ధి దగ్గరికి వచ్చేసరికి మెట్లు పక్కనపెట్టి డబ్బు సంగతి ఎత్తవలసి వచ్చిందంటే, ఆ మెట్లకూ శుభ్రతకూ సంబంధం లేదని దాని లోలోపల తెలుసునన్నమాట. మహాడ్ మంట రగిలిన ఆ 1927 సంవత్సరంలోనే ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల కోతకు ఎదురుతిరిగి సమ్మె కట్టారు. ఆ రోజుల బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికోద్యమంతో, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పేరు ముడిపడి ఉంది. ఒకచోట మనిషి పుట్టుకకు వెల కట్టడాన్ని కాల్చారు, మరోచోట మనిషి పనికి వెల తగ్గించడాన్ని అడ్డుకున్నారు. ఈ రెండూ వేర్వేరు పోరాటాలని మన చరిత్ర పాఠాలు విడదీశాయి గానీ, గుడి గచ్చు మీద కూర్చుని పనిచేసే మనిషి దగ్గర అవి రెండూ కలుసుకుంటాయి.

గట్టి అభ్యంతరం భక్తి వైపు నుంచి వస్తుంది. దేవుడి నేల తుడవడం సేవ. సేవను కూలికిచ్చి చేయించడమే తప్పు. భక్తులే చీర కుచ్చెళ్లు దోపుకుని, పంచె ఎగగట్టి దిగాలి అంటారు. ఈ మాటకు వెనక గొప్ప సంప్రదాయం ఉంది. ఏడో శతాబ్దపు తమిళ శైవకవి అప్పర్ గుడి ఆవరణలో గడ్డి చెక్కే పార చేతబట్టి ఊరూరా తిరిగాడు; ఇవాళ్టికీ విగ్రహాల్లో ఆయన భుజాన ఆ పార ఉంటుంది. పూరీలో రథయాత్ర నాడు గజపతి మహారాజు బంగారు పిడి చీపురుతో రథాలు ఊడుస్తాడు. తిరుమలలో ఏడాదికి నాలుగుసార్లు, ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి ముందు, మూలమూర్తికి వస్త్రం కప్పి గుడంతా కడిగి పరిమళద్రవ్యాలు పూసే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. వీటి అందాన్ని కాదనను. కానీ వీటన్నిటిలో ఉన్న ఒక పోలిక గమనించాలి. రాజు చీపురు దించేశాక రాజే. అప్పర్ పార పట్టింది తనకు తానై. సేవకు ఆ విలువ రావడానికి కారణం, చేసేవాడు చేయకుండా ఉండగలడు కనక. రేపు కూడా తుడవకపోతే పొయ్యిలో పిల్లి లేవని మనిషి చేత "దేవుడి పనే కదా" అంటూ సగం కూలికి చేయించుకుంటే అతని బలవంతాన్ని మన భక్తి ఖాతాలో జమ వేసుకున్నట్టు. స్వచ్ఛందంగా దిగే భక్తులు ఊడవవచ్చు, కడగవచ్చు, ముగ్గు పెట్టవచ్చు, ఎవరూ వద్దనరు. మొజాయిక్ అరగదీయడం, ఇంకిన నూనె లాగడం మాత్రం ఉత్సాహంతో వచ్చే విద్యలు కావు. ఆ పని తెలిసినవాణ్ణి పిలిచి, పూర్తి కూలి ఇచ్చి, అతనికి భక్తి ఉంటే ఆ తర్వాత అతనే తన ఇష్టంతో హుండీలో ఎంతైనా వేసుకోనివ్వడం సరైన వరస. హుండీలో ఎంత వేయాలో అతని తరఫున కమిటీ ముందే నిర్ణయించి కూలిలో కోసేయడం సేవ పేరుతో చేసే వసూలు.

దీని పక్కనే స్వధర్మవాదం నిలబడుతుంది. ఎవరి కర్మలో వాళ్లు నిమగ్నమైతే సిద్ధి కలుగుతుందని గీత పద్దెనిమిదో అధ్యాయం చెప్పింది కదా, ఊడ్చేవాడికి ఊడవడమే పూజ, దాన్ని కూలి లెక్కకు దించి అతని మోక్షమార్గాన్ని చిన్నబుచ్చుతావెందుకు అని. గాంధీజీ 1936లో హరిజన్ పత్రికలో ఆదర్శ పాకీపనివాడు ఎలా ఉండాలో రాసింది ఇంచుమించు ఈ దారిలోనే. ఆయన మనసు మంచిదే, ఊడ్చేవాణ్ణి అందరికంటే పైన కూర్చోబెట్టాలనే ఆయన తపన. అదే ఏడు అంబేడ్కర్ 'కులనిర్మూలన'లో, కులం పనుల విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన కూడా అని తేల్చాడు. 1945 నాటి పుస్తకంలో ఇంకా సూటిగా, ఈ దేశంలో పాకీ పని చేయడం వల్ల ఎవరూ పాకీవాడు కాలేదనీ, చేసినా చేయకపోయినా పుట్టుకతోనే అవుతున్నాడనీ అన్నాడు. గీత మాట్లాడుతున్నది స్వభావం నుంచి పుట్టిన కర్మ గురించి. తాత సఫాయివాలా, తండ్రి సఫాయివాలా కనక కొడుకూ సఫాయివాలా అన్న వరసలో స్వభావం ఎక్కడుంది? రిజిస్టరు ఉంది, వాడ పేరు ఉంది, ఇంకో పని ఇవ్వని ఊరు ఉంది. మన తెలుగు మూలాలున్న మనిషే దీనికి సాక్షి. కోలారు బంగారు గనుల కాలనీలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ కర్మలో నిమగ్నం కాకుండా, దాన్ని రద్దు చేయించే కర్మలో నిమగ్నమయ్యాడు. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రైల్వేలను కూడా పేరుపెట్టి, పట్టాల మీద చేతులతో మలం ఎత్తించడాన్ని గడువు పెట్టుకుని ఆపమంది. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇంతకంటే పాత సాక్ష్యం బౌద్ధుల థేరగాథల్లో ఉంది. వాడిపోయిన పూలు ఎత్తిపోసే పనిలో, నలుగురి చీదరింపుల మధ్య బతికిన సునీతుణ్ణి బుద్ధుడు చూశాడు. ఆ పనే నీకు పూజ అని మెచ్చుకుని ముందుకు సాగిపోలేదు, రమ్మని సంఘంలోకి పిలిచాడు. ఒక పనిని పొగిడినంత మాత్రాన చేసేవాడికి ఒరిగేదేమీ లేదని బుద్ధుడికి తెలిసినంత మన వేదికల మీది ఉపన్యాసకులకు తెలియదు.

సరే, ఇవన్నీ పాత గొడవలు, ఇప్పుడు యూనిఫాం వేసుకున్న కుర్రాళ్లు మిషన్లతో వస్తున్నారు, చదరపు అడుక్కి ఇంతని రేటు, కులం అడిగేవారెవరు అని ఆధునికులు అంటారు. మార్పు లేదని నేననను. మిషను వచ్చాక మోకాళ్ల మీద పాకే పని తగ్గింది, నీళ్లు పోసి అరగదీస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే రాతి దుమ్మూ తగ్గింది. పాతవి పాతబడ్డాయన్న మాట మాత్రం తొందరపాటు. 2025 మార్చిలో, ఇదే రాష్ట్రంలో, పూర్వ బర్ధమాన్ జిల్లా గిధగ్రామ్‌లోని శివాలయంలోకి దళిత కుటుంబాల వాళ్లు పోలీసుల రక్షణలో మొదటిసారి అడుగుపెట్టగలిగారు. ఇక గుత్త పద్ధతి సంగతి. ఊళ్లో ఉన్న మనిషిని పిలిస్తే అతను ఎవరి కొడుకో, ఏ వాడో అందరికీ తెలుస్తుంది, అప్పుడు గర్భగుడి గడప ప్రశ్న లేస్తుంది. పెద్ద ఊరి నుంచి కంపెనీ మనుషులను రప్పిస్తే పేర్లే తెలియవు కనక ఆ ప్రశ్న లేవదు. కొందరు పెద్దలకు బయటి కంపెనీ మీద పుట్టే ప్రేమలో నాణ్యత పాలెంత, ఈ తెలియనితనం ఇచ్చే నిశ్చింత పాలెంత అన్నది వాళ్లే తరచి చూసుకోవాలి. నా మటుకు, కులం తెలియకపోవడం వల్ల దొరికే శాంతి కంటే, తెలిసి కూడా లెక్కచేయకపోవడం ధర్మానికి దగ్గర. అందుకే ఊళ్లోని పనివాళ్లను పిలవడాన్ని ఖర్చు తగ్గించే ఉపాయంగా కాక ఒక ఆచారంగా పెట్టుకోవాలంటాను. ఊళ్లోని గోల్‌బజార్‌లో రేపు ఎదురుపడే మనిషికి కూలి ఎగ్గొట్టడం కష్టం. మధ్యలో కాంట్రాక్టరు, అతని కింద సబ్ కాంట్రాక్టరు ఉంటే కమిటీ చెక్కు రాసి చేతులు కడుక్కుంటుంది. ఆ డబ్బు మిషను పట్టిన చేతికి ఎంత చేరిందో ఎవరికీ పట్టదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ఈ చేతులు కడుక్కోవడాన్ని ఒప్పుకోలేదు. గుత్తేదారు కూలి ఇవ్వకపోతే అసలు యజమాని చెల్లించి, తర్వాత గుత్తేదారు దగ్గర రాబట్టుకోవాలని రాసింది. ఇరవైమంది కంటే తక్కువ పనిచేసే చిన్న గుత్తలకు ఆ చట్టం వర్తించేది కాదు, నిజమే. అయినా పార్లమెంటు ఒప్పుకున్న బాధ్యతను దేవుడి పేరున నడిచే సంస్థ తప్పించుకోవడానికి చట్టంలో సందు వెతుక్కుంటే, కుల్లూకభట్టు చెప్పిన శుద్ధి దానికి ఎక్కడినుంచి వస్తుంది?

శుద్ధి పేరుతో జరిగే అసలు ప్రమాదం ఇంకోటుంది, చిన్నదిగా కనిపిస్తుంది కనక ఎవరూ పట్టించుకోరు. పాలిష్ మిషను కరెంటుతో నడుస్తుంది. దాని కింద నేలంతా నీళ్లు. తీగ ఆ నీళ్లలోనే ఈడ్చుకుపోతుంది. బయట ఎక్కడైనా అయితే పనివాడు రబ్బరు బూట్లు వేసుకుంటాడు, వేసుకోవాలి. గుళ్లో చెప్పులు విప్పమంటాం. అంటే మిగతా అన్ని చోట్ల కంటే దేవుడి ముందు అతని ప్రాణానికి రక్షణ తక్కువ. చివర్లో ఆక్జాలిక్ నీళ్లలో గంటలకొద్దీ నానే పాదాలు వట్టివే. ఇది అనాచారమా, అపచారమా? ఆగమాలను అడిగినా జవాబు దొరుకుతుంది. మూలస్థానంలో మరమ్మతులు చేయవలసినప్పుడు దైవశక్తిని తాత్కాలికంగా బాలాలయానికి తరలించి, శిల్పులను ఇనప పనిముట్లతో సహా లోపలికి పంపుతారు; పని ముగిశాక సంప్రోక్షణ చేసి మళ్లీ దర్శనాలు మొదలుపెడతారు. 2018 ఆగస్టులో తిరుమలలో జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ మనం చూసిందే. అంటే పనిచేసే సమయంలో గుడి ఒక పనిచోటు అని సంప్రదాయానికి స్పష్టంగా తెలుసు. ఉలికి చోటిచ్చిన ఆచారం రబ్బరు బూటుకు చోటివ్వకూడదా? మండపానికని విడిగా ఒక జత కొత్త బూట్లు కొని గుళ్లోనే ఉంచితే సరిపోయే ఖర్చు ఇది. పని ముగిశాక చేసే సంప్రోక్షణ మీద నాకు అభ్యంతరం లేదు, అయితే దానికో పరీక్ష పెట్టాలి. పూజారిగారి సొంత అబ్బాయే ఆ మిషను నడిపి ఉంటే కూడా అదే తంతు, అన్నే నీళ్లు, అదే దక్షిణతో జరిగేదా? జరిగేదంటే అది పని ముగిసిందని చెప్పే క్రతువు. జరగదంటే రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని ఏనాడో నేరంగా తేల్చింది. అదే మండపంలో పండగనాడు మైకులో 'బ్రహ్మమొక్కటే' పెడతారు. పై కులంవాడు మెట్టే నేలా చండాలుడు ఉండే నేలా ఒక్కటేనని అన్నమయ్య అయిదువందల ఏళ్ల కిందట తేల్చిన పాట. మైకు పెట్టేవాళ్లు ఒకసారి ఆ చరణం చెవిన వేసుకుంటే మంచిది.

చీపురును కాలితో తొక్కకూడదని, దీపాలు పెట్టాక ఊడవకూడదని మన ఇళ్లలో నేర్పుతారు, అది లక్ష్మి. బెంగాల్ శీతలాదేవి గాడిద మీద, చేత చీపురుతో ఉంటుంది. మన పోలేరమ్మకు వరసయ్యే తల్లి ఆవిడ, జబ్బులను ఊడ్చేసే దేవత. చీపురుకు ఇంత మర్యాద ఇచ్చిన సంస్కృతి దాన్ని పట్టిన చేతికి ఇవ్వలేకపోవడం నాకు ఎప్పటికీ కొరుకుడు పడని సంగతి. బహుశా పనిముట్టుకు దండం పెట్టడానికి ఖర్చు లేదు, అందుకే కాబోలు.

శుద్ధి అనేంత పెద్ద విషయాన్ని చివరికి కూలి పట్టీకి కుదించడం మోటుతనం కాదా అని ఒక సున్నితమైన ఆక్షేపణ ఉంది. డబ్బు ఇచ్చేస్తే పవిత్రమైపోతుందా? కాదు. కూలి చెల్లిస్తే గుడికి పుణ్యం వచ్చిపడుతుందని నేననడం లేదు. చెల్లించకపోతే మిగతా ఏ శుద్ధీ నిలబడదని మాత్రమే అంటున్నాను. ఇచ్చినంత మాత్రాన రుణం తీరదు కూడా. ఆ గచ్చు మీద పసిపిల్లలు పాకుతారు, ముసలివాళ్లు జారిపడకుండా నడుస్తారు, అదంతా రూపాయల్లో కొలవలేం. కొలవలేనిది ఉంది కదా అని కొలవగలిగింది ఎగ్గొట్టడం పాత మోసం. ఇక పేద గుడి సంగతి. చందాలు అంతంతమాత్రం, పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగులు నెలకింత వేసుకుని నెట్టుకొస్తున్నారు, పూర్తి కూలి ఎక్కడినుంచి తెస్తాం అంటే జవాబు సులువు: పాలిష్ మానేయండి. మెరవాలని ఏ శాస్త్రమూ అడగలేదు. ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేసిన మామూలు సిమెంటు నేల దేవుడికి చాలునని పైన చూసిన అయిదు శుద్ధులే చెబుతున్నాయి. ఎర్ర గచ్చయితే రోజూ తడిగుడ్డ పెడితే ఏళ్లు గడిచేకొద్దీ అదే నునుపు తేరుతుంది. ఎవరి కడుపు కోతతోనో తెచ్చుకునే మెరుపు కంటే మొద్దుబారిన గచ్చు మేలు. అసలు చాలా గుళ్లలో డబ్బు కొరత ఉండేది కూలి దగ్గరే, పాలరాతి పలకల దగ్గర కాదు. ఫలానావారి జ్ఞాపకార్థం అని పేర్లు చెక్కించిన బండలు నేలంతా పరుచుకుని ఉంటాయి. ఆ పేర్లలోని సందుల్లో పేరుకున్న మురికిని బ్రష్షుతో తీసే మనిషి పేరు రసీదు మీద కూడా ఉండదు.

కాబట్టి రథయాత్రకో, దసరాకో, వచ్చే ఉగాదికో గచ్చు పాలిష్ పట్టించే కమిటీ పెద్దలకు ఒక విన్నపం. సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివేటప్పుడు "గచ్చు పాలిష్" అని ఒకే పద్దుగా చదివేసి ముందుకు పోకండి. గుత్తకు ఎంత ఇచ్చారు, అందులో మేస్త్రీకి ఎంత, సహాయకుడికి రోజుకెంత, ఎన్ని రోజులు పనిచేశారు, ఆ డబ్బు వాళ్ల చేతికి ఏ తేదీన అందింది, విడివిడిగా గట్టిగా చదవండి. బూట్లూ చేతి తొడుగులూ ఎన్ని జతలు కొన్నారో కూడా చదవండి. ఆ అంకెలు తెలియకపోతే కాంట్రాక్టరును అడగండి. అతను చెప్పకపోతే పనివాళ్లనే అడగండి. వాళ్లు ఇదే ఊళ్లో ఉంటారు, చాలామందికి తెలుగు వచ్చు.